ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్

ల్యాప్‌టాప్ కొనేవాళ్ళు మామూలుగా దాన్ని చూసి కొంటారు. నేను చెవి ఆనించి కొన్నాను. నెల్లూరులో ఆ షాపువాళ్ళు నన్ను చూసి ముఖాలు తిప్పుకుని నవ్వుకున్నారని మా అన్న ఇప్పటికీ చెప్పి చెప్పి నవ్వుతాడు. నవ్వితే నవ్వాడు. పాటల పనికి ల్యాప్‌టాప్ ఎంచడం ఎలాగో ఆ రోజు ఆ షాపులో నాకు తప్ప ఎవరికీ తెలియదని నా నమ్మకం.

మాది వాకాడు దగ్గర, సముద్రం హోరు ఇంట్లోకి వినిపించే ఊరు. పగలు ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాను. మిగిలిన సమయంలో పాటలకు ట్రాకులు కడతాను. మా చుట్టుపక్కల పాట రాసుకున్న ప్రతి పాస్టరుగారికీ, నాలుగు లైన్లు శ్రుతిలో పాడగలిగిన ప్రతి పిల్లకీ ఫోనులో పెట్టుకోవడానికి ఒక వీడియో కావాలి. వాళ్ళు మా ఇంటికొచ్చి పాడి వెళితే, తబలా, ఫ్లూటు, వయొలిన్లు నేను కంప్యూటరులో చేర్చి పంపిస్తాను. దాన్ని వాళ్ళు స్టూడియో అంటారు. నిజానికి అది మా వెనక గది. గోడలకు పాత దుప్పట్లు, కిటికీకి అడ్డంగా పరుపు, మధ్యలో ఒక కుర్చీ. డెస్క్‌టాప్ పనిచేస్తుంటే పిండిమర మోత. అందుకని గోడకు కన్నం కొట్టించి సీపీయూని అవతల వంటింట్లో పెట్టాను. తీగలన్నీ ఆ కన్నంలోంచి వస్తాయి. ఇక దాన్ని కదిలించడం దేవుడి తరం కూడా కాదు.

ఆ మోత వంటింట్లో భరించేది అమ్మ. అమ్మ ఊళ్ళో జాకెట్లు కుడుతుంది. మా చర్చిలో ఆడవాళ్ళ పాటలన్నీ ఆమే ఎత్తుకుంటుంది. అందరికీ తెలిసిన పాటలు సరే, అమ్మ సొంతంగా కట్టినవి కూడా ఒక పాతికదాకా ఉన్నాయి. మిషను తొక్కుతూ కట్టినవి కొన్ని, పొంగిన వాగు దిగేదాకా ఇవతల ఒడ్డున బస్సులో కూర్చుని కట్టినవి కొన్ని. ఏదీ కాగితం మీద లేదు. చరణాలు ఆమెకు తప్ప వరసగా ఎవరికీ రావు. ఎప్పుడైనా రాసుకుందాంలే, ఎప్పుడైనా రికార్డు చేద్దాంలే అనుకుంటూ ఉండిపోయాం. ఇంట్లో మనిషి గొంతు ఇంట్లోనే ఉంటుంది కదా, ఎక్కడికి పోతుంది.

ఆ వేసవిలో అమ్మకు గొంతు కింద గడ్డ కనబడింది. చెన్నై తీసుకెళ్ళాం. థైరాయిడ్ గడ్డ, ఆపరేషన్ చేసి తీసెయ్యాలన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. గొంతు సంగతి అడిగితే మాత్రం డాక్టరమ్మ కొంచెం ఆగి, మాట పలికించే నరం ఆ గడ్డకు ఆనుకునే ఉంటుందని, జాగ్రత్తగానే చేస్తామని, కానీ గొంతు మారదని తాను మాట ఇవ్వలేనని చెప్పింది. తారీకు వచ్చే నెలకు ఇచ్చారు. తిరుగు రైల్లో అమ్మ గూడూరు దాకా పడుకుని నిద్రపోయింది. నేను మాత్రం పాటలు లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. వాటిని ఆ నెల లోపల రికార్డు చేసి పట్టుకోకపోతే ఇంకెప్పటికీ పట్టుకోలేనేమో అనిపించింది.

ఇంటికి రాగానే అమ్మను వెనక గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు తగిలించాను. రెండు లైన్లు పాడి ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టమన్నాను. ఈసారి ఒక లైనుకే ఆపింది. అమ్మ గొంతు నాకు తెలుసు. ఆ గదిలో వచ్చింది అది కాదు, పెళ్ళిచూపుల్లో పాడమంటే వచ్చే గొంతు. ఏమైందని అడిగితే హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎదురుగా దుప్పటి ఉండాదిమే. దుప్పటికి ఎట్టా పాడేది?" అంది.

నాకు కోపం వచ్చింది కానీ, ఆలోచిస్తే ఆమెదే నిజం. అమ్మ ఎప్పుడూ ఒక్కతే పాడలేదు. చర్చిలో చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చుని, కొంగు తలమీదికి లాక్కుని ఒక లైను అంటుంది. వెనక నుంచి ఆడవాళ్ళు ఆ లైనును తిరిగి అంటారు. వాళ్ళ చప్పట్ల బరువును బట్టి తర్వాతి లైను ఎంత పైకి ఎత్తాలో అమ్మ చూసుకుంటుంది. పాట సగం ఆమె దగ్గర, సగం వాళ్ళ దగ్గర ఉంది. పాట కావాలంటే చర్చికి వెళ్ళాలి. చర్చికి వెళ్ళాలంటే మోసుకెళ్ళే కంప్యూటరు కావాలి.

ల్యాప్‌టాప్ కొంటున్నానని తెలియగానే ఊరంతా సలహాదారులే. అన్నంటే మా పెదనాన్న కొడుకు. తడ దగ్గర ఫ్యాక్టరీలో చేస్తాడు, కంప్యూటర్ల సంగతి వాడికి తెలిసినట్టు ఎవరికీ తెలియదని వాడి ఉద్దేశం. గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోమని పట్టుబట్టాడు. దాని గ్రాఫిక్స్ కార్డుతో నాకేం పని, నేను ఆటలాడనంటే, బలమున్న ఎద్దును ఏ బండికైనా కట్టొచ్చన్నాడు. పాస్టరుగారిని మేము అయ్యగారు అంటాం. ఆయన పెద్ద స్క్రీనున్నది చూడమన్నారు, ఆదివారం వాక్యాలు గోడమీద చూపించడానికి పనికొస్తుందని. అందరి కోరికలూ తీర్చాలంటే అది ల్యాప్‌టాప్ కాదు, మినీ లారీ అయ్యేది.

అన్న తన గేమింగ్ ల్యాప్‌టాప్‌నే తెచ్చి, వాడి చూడమన్నాడు. మధ్యాహ్నం పూట చర్చిలో పెట్టి చూశాం. మధ్యాహ్నమే ఎందుకంటే, చర్చి వెనక రొయ్యల గుంటలున్నాయి. సాయంత్రం నుంచి తెల్లవారేదాకా వాటిలో నీళ్ళకు గాలి పట్టించే చక్రాలు మోత పెడుతూ తిరుగుతూనే ఉంటాయి. ఎండవేళ మాత్రమే ఆపుతారు. మాది రేకుల చర్చి. మైకులోకి మోత రాకూడదని సీలింగు ఫ్యాన్లు కూడా ఆపేశాం. కొలిమిలో కూర్చున్నట్టుంది. ఆ వేడికి అన్న ల్యాప్‌టాప్ కూడా తట్టుకోలేకపోయింది. కీల కింద ఎర్రలైట్లు వెలిగించుకుని, లోపలి ఫ్యాన్ తిప్పడం మొదలుపెట్టింది.

పాట ఎత్తుకోబోయిన అమ్మ ఆగి కిటికీ వైపు చూసింది. ఎవరో మోటరు వేసినట్టున్నారు, అది ఆగాక పాడదామంది. అన్న వంగి ల్యాప్‌టాప్ పక్క సందులకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. చార్జరు పీకితే గంటన్నరకే చతికిలబడింది కూడా. ఆ చార్జరు అచ్చంగా ఇటుకరాయి.

నాకు కావలసిందేమిటో ఆ మధ్యాహ్నమే తేలింది. పట్టేటప్పుడు నిశ్శబ్దం కావాలి, కలిపేటప్పుడు బలం కావాలి. గొంతూ చప్పట్లూ పట్టడానికి పెద్ద బలం అక్కర్లేదు. రెండు మైకులు, వాటిని కంప్యూటరుకు కలిపే ఒక చిన్న పెట్టె, అంతే. బలం కావలసింది తర్వాత, వయొలిన్లూ తబలాలూ పేర్చేటప్పుడు. ఒక్కొక్క వాయిద్యం శబ్దాలు లోపల మెమరీలోకి ఎక్కి కూర్చుంటాయి. చోటు చాలకపోతే పాట నత్తినత్తిగా వస్తుంది. రెండూ ఒకే యంత్రంలో దొరికితే సంతోషమే. దొరకకపోతే దేన్ని వదులుకోవాలన్నదే ప్రశ్న.

అన్నను వెంటబెట్టుకుని నెల్లూరు షాపుకు హెడ్‌ఫోన్లు, మైకు, పెన్‌డ్రైవ్‌లో నా పాట ఒకటి పట్టుకెళ్ళాను. షాపతను స్క్రీను రంగులు చూపిస్తుంటే నేను ఒక్కొక్కదాన్నీ తిరగేసి, అడుగున చెవి పెట్టి విన్నాను. అప్పుడే వాళ్ళు నవ్వింది. చివరికి అతనే లోపలినుంచి ఒక పలచటిది తెచ్చాడు. దీంట్లో ఫ్యాన్ అసలు లేదన్నాడు. మరి వేడెక్కితే ఏం చేస్తుందని అడిగాను. "స్లో అవుద్ది మేడమ్" అన్నాడు. అంతసేపటిలో ఆ షాపులో విన్న నిజమైన మాట అదొక్కటే. ఇంకో అనుమానం కూడా అడిగాను, నూనె పడితే తట్టుకుంటుందా అని. అతను నన్ను ఎగాదిగా చూశాడు. మా కష్టం అతనికేం తెలుసు? మా ఊళ్ళో కొత్త వస్తువు ఏది కొన్నా అయ్యగారు వచ్చి నూనె రాసి ప్రార్థన చేస్తారు. మోటారు బళ్ళకైతే ఇబ్బంది లేదు. నా పాత కీబోర్డుకు కూడా అలాగే చేశారు. అప్పటినుంచి దాంట్లో ఒక కీ నొక్కితే పైకి లేవదు.

చిక్కంతా మెమరీ దగ్గర వచ్చింది. షాపులో ఉన్నది ఎనిమిది జీబీది. నాకు కావలసింది పదహారు. ఈ రకానికి తర్వాత విప్పి పెంచుకునే వీలు లేదు, కొన్నదే జీవితాంతం. పదహారుది తెప్పించాలంటే వారం పైనే, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుందన్నాడు. అన్న ఆగమన్నాడు. తొందరపడి కొని తర్వాత తీరిగ్గా ఏడుస్తావన్నాడు. వాడు చెప్పింది తప్పు కాదు. ఇంకో నెలలో అయితే నేనూ ఆగేదాన్ని. కానీ చెన్నైవాళ్ళిచ్చిన తారీకు ముంచుకొస్తోంది. వయొలిన్లు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు, ఇంట్లో ఆ పిండిమర డెస్క్‌టాప్ ఉండనే ఉంది. గొంతు మాత్రం ఇప్పుడే పట్టాలి. ఎనిమిదిదే ఇమ్మన్నాను. బస్సులో అన్న ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

ఇంట్లో అమ్మ దాన్ని చేతుల్లోకి తీసుకుని, బైబిలు కన్నా కొంచెమే బరువుందని మెచ్చుకుంది. అయ్యగారు నూనెసీసాతో వచ్చేలోపు నేను దాన్ని రెండు తువ్వాళ్ళలో చుట్టేశాను. ఆయన తువ్వాలుకే రాసి, దీనిద్వారా వెళ్ళే ప్రతి పాటనూ దీవించమని ప్రార్థించారు. నేను ఆమెన్ అన్నాను, మనస్ఫూర్తిగానే.

మర్నాడు మధ్యాహ్నం ఆడవాళ్ళంతా చర్చికి వచ్చారు. కలుపుకు వెళ్ళినవాళ్ళు పని మధ్యలో వదిలి వచ్చారు. ఆగిన ఫ్యాను రెక్కకు ఒక మైకు కట్టాను, ఇంకొకటి అమ్మ ముందు. ల్యాప్‌టాప్ వేడెక్కకుండా స్టీలు పళ్ళెం బోర్లించి దానిమీద పెట్టాను. చప్పట్లు గట్టిగా కొట్టేవాళ్ళను వెనక్కి జరిపితే వాళ్ళు కాస్త అలిగారు. అమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. ఆ తర్వాత నేను చేసిందేమీ లేదు. ఒక పాట అయితే ఇంకో పాట, వరసగా వచ్చాయి. నాకు తెలియనివి కూడా రెండున్నాయి. జాకెట్లు తడిసి ఒంటికి అతుక్కుపోయినా ఎవరూ ఫ్యాను వెయ్యమనలేదు. మిగిలిన పాటలు ఇంకో మధ్యాహ్నం పట్టాం. ఆ యంత్రం ఒక్కసారి కూడా నోరెత్తలేదు. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్లలో వింటే, లైను ఎత్తుకునే ముందు అమ్మ తీసుకునే ఊపిరి కూడా వినిపించింది. బాగా ఏడ్చాను. ఇక ఏమైనా ఫరవాలేదు, దక్కిందనుకున్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డలో చెడ్డదేమీ లేదన్నారు. గొంతు మాత్రం డాక్టరమ్మ భయపడినట్టే అయింది. మొదట గుసగుసగా వచ్చింది, కొన్ని వారాలకు బొంగురుగా, మందంగా తేలింది. ఇదే ఉంటుందో, ఇంకా బాగవుతుందో చెప్పలేమన్నారు. పాడుకోవచ్చు, నష్టం లేదని మాత్రం చెప్పారు. అమ్మ ఇంట్లో పాడలేదు. మిషను మీద కూర్చున్నా పాడలేదు. నేనూ అడగలేదు, అడిగితే బాధపడుతుందని.

ఆమె లేని ఆదివారాలు చర్చి బోసిపోయిందని అయ్యగారు చాలాసార్లు అన్నారు. అమ్మ మళ్ళీ వచ్చే ఆదివారం, ఆమె పాటనే స్పీకర్లలో పెడదామని, అందరం దానితోపాటు పాడదామని ఆయనకు తోచింది. నాకూ బాగుందనిపించింది. ఆడవాళ్ళకు చెబితే వాళ్ళూ మురిసిపోయారు. అప్పటికి వయొలిన్లు కూడా చేర్చాను. అమ్మకు ముందే చెప్పకూడదని అందరం అనుకున్నాం. చెబితే ఆ సంతోషం ఏముంటుంది.

అమ్మ వచ్చి ముందు వరసలో తన చాప మీద కూర్చుంది. నేను ల్యాప్‌టాప్‌కి తీగ కలిపి నొక్కాను. రెండు స్పీకర్లలోంచీ ఆమె గొంతు నిండుగా వచ్చింది. ఆడవాళ్ళు చప్పట్లు అందుకున్నారు. అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తల వంచుకుంటే, సంతోషం పట్టలేక అనుకున్నాను. మొదటి చరణం సగంలో ఆమె లేచింది. పాట నడుస్తుండగా అమ్మ లేవడం నేనెప్పుడూ చూడలేదు. నా దగ్గరికి వచ్చి వంగి, ఆ కొత్త గొంతుతో మెల్లగా చెప్పింది.

"నేనొచ్చినాను గదామే. ఇంక దాన్నెందుకు పాడిస్తా ఉండావు?"

నేను ల్యాప్‌టాప్ మూసేశాను. పాట మధ్యలో తెగిపోయింది. చప్పట్లు కూడా ఒకటొకటిగా ఆగాయి. అయ్యగారు నా వైపు చూశారు. అమ్మ వెనక్కి వెళ్ళి కూర్చుని, కొంగు సర్దుకుని, అదే పాట మొదటినుంచి ఎత్తుకుంది. నాకు తెలిసిన గొంతు కాదది. ఎక్కడో కిందనుంచి, గరుకుగా వస్తోంది. నేను కీబోర్డు మీద ఆ శ్రుతి వెతుక్కుంటూ ఒక్కొక్క మెట్టే దిగుతూ పోయాను. దొరికేసరికి పల్లవి అయిపోయింది. చరణంలో పైకి వెళ్ళాల్సిన చోట గొంతు పట్టేసి గాలి మాత్రమే వచ్చింది. అమ్మ ఆగింది. ఆడవాళ్ళు ఆగలేదు. తర్వాతి లైను ఏమిటో వాళ్ళకు తెలియదు కాబట్టి ఉన్న లైనునే మళ్ళీ మళ్ళీ పాడుతూ, చప్పట్లు వదలకుండా కూర్చున్నారు. అమ్మ ఊపిరి తీసుకుని తర్వాతి లైను అందించింది.