బైబిలమ్మ పిడికెడు బియ్యం

మన సంఘ పత్రిక చదివే అందరికి వందనాలు. ముందుగాల ఒక మాట. నేను మా ఊరి బడిల అయిదు దాకనే చదివిన. పెన్‌పహాడ్ పక్క పల్లె మాది. నా అక్షరాలు వంకర పోతయి, తప్పులు చానా ఉంటయి. జర మన్నించి చదవండ్రి. రాయకుంటే మనసు ఊకుంటలేదు.

పోయిన గురువారం పొద్దున కోదాడ నుంచి ఫోనొచ్చింది. మా బైబిలమ్మ బిడ్డ చేసింది. "మావయ్యా, అమ్మ పోయింది" అని ఒక్కటే మాట. నేను సూర్యాపేట గుడి మెట్ల మీద చీపురు పట్టుకొని ఉన్న. "వస్తున్న బిడ్డా" అన్న. మిగిలిన మెట్లు ఊడ్చి పోయిన. సగం ఊడ్చి వదిలితే ఆమెకు నచ్చదు.

బైబిలమ్మ అంటే ఇల్లిల్లు తిరిగి వాక్యం చెప్పే ఆమె. ఆమెను కోదాడ నుంచి మా సూర్యాపేట లూథరన్ గుడికి పంపినప్పుడు హైవే ఇంకా నాలుగు వరుసలు కాలే. ఒక ట్రంకుపెట్టె, ఒక గుడ్డసంచి, ఒక చిన్న మట్టి గురిగితోని బస్సు దిగింది. నాకంటె పెద్దది. నన్ను చూసి, "నువ్వేనా తమ్ముడూ గంట కొట్టేది? గట్టిగా కొడతావా, మొహమాటంగా కొడతావా?" అన్నది. నేను తల వంచుకున్న. "అయితే మొహమాటంగానే" అని నవ్వింది.

అప్పటికి మా గుడి దీపం కొండెక్కేటట్టున్నది. పెద్ద గుడి, పాతకాలం గోడలు, ఆదివారం పదకొండు మందిమి. పావురాలు మాకంటె ఎక్కువ. మనోళ్లంత కొత్త రేకుల షెడ్ల గుళ్లకు, మైకులకు, డ్రమ్ములకు పోయిండ్రని పెద్దలు అనుకునేది. పాస్టరు అయ్యగారు మిర్యాలగూడల ఉండి కోదాడ, సూర్యాపేట కలిపి మూడు ఊర్లు చూసేది, మా దగ్గరికి నెలకొక్కసారి. పై నుంచి మాట వచ్చింది. వచ్చే ఈస్టరు నాటికి జనం కూడకపోతే ఈ గుడికి తాళమేసి, ఉన్నోళ్లను మిర్యాలగూడల కలుపుతరని. ఆ తాళంచెవి ఇయ్యాల్సింది నేనే. నా పెండ్లి ఆ గుడిలనే అయింది. నా ఇంటామె శవప్పెట్టెను మేం మోసుకపోయింది కూడ ఆ గడప నుంచే.

బైబిలమ్మ వచ్చిన రెండోనాడే నన్ను వెంటబెట్టుకొని పాతోళ్ల ఇండ్లకు బయల్దేరింది. దారి చూపుడే నా పని. ఆమె గడపల నిలబడదు. లోపలికి పోయి కింద కూసుంటది. "నిలబడితే కరెంటు మీటరు చూసేవాళ్లనుకుంటారు తమ్ముడూ" అనేది. ఇంకోటి కూడ చెప్పింది: "ఎందుకు రావట్లేదని అడగొద్దు. ఎట్లా ఉన్నారని అడుగు."

మొదలు పోయింది ఒక మేస్త్రి ఇంటికి. మేస్త్రి భార్య మమ్మల్ని చూసి బెదిరింది. పదేండ్లయింది గుడి మెట్లెక్కక. బైబిలమ్మ ఇల్లంత చూసి, "అమ్మాయ్, పిడికెడు బియ్యం గురిగి ఉందా ఇంట్లో?" అని అడిగింది.

తెలువనోళ్లకు చెప్తున్న. మా ఇండ్లల్ల ప్రతి పూట ఎసట్ల బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి గురిగిల వేస్తరు. అది దేవునిది. నిండినంక గుడికి తెస్తరు. తెచ్చుడు ఎప్పుడో ఆగిపోయింది. అందుకే ఆమె అడుగుతుంటే నాకు సిగ్గనిపించింది. లేదంటదనుకున్న.

"ఉన్నది" అని మేస్త్రి భార్య గూట్ల నుంచి తీసింది. నిండుగ ఉన్నది.

"మరి ఎవరి కోసం తీస్తున్నావమ్మా?"

"ఏమో అమ్మా. మా అత్త తీసేది, నేను తీస్తున్న. ఎసరు మరిగిందంటె చెయ్యి దానంతట అదే పోతది. నిండితే మా బియ్యంలనే కలుపుకుంట. మళ్ల తీస్త."

బైబిలమ్మ కొంగుతోని కండ్లు తుడుచుకొని నా దిక్కు చూసి, "తమ్ముడూ, వీళ్లు ఎక్కడికీ వెళ్లలేదయ్యా. ఇక్కడే ఉన్నారు" అన్నది.

ఆ వారం ఇరవై ఇండ్ల దాకా తిరిగినం. కొందరు నిజంగనే షెడ్లకు పోతున్నరు. వాళ్లింట్ల చాయ తాగి, "బాగుండండమ్మా" అని లేచేది. కాని చానా ఇండ్లల్ల గురిగి ఉన్నది. ఎవరిదో తెలువక నిండుతున్నది. ఇన్నేండ్లు నేను ఖాళీ బెంచీలు తుడుస్తుంటే, ఈ గల్లీలల్ల పూటపూటకు ఒక పిడికెడు పడుతనే ఉన్నదా!

ఆదివారం ఏం చేస్తరమ్మా అంటే అందరిదీ ఒకటే మాట. మేస్త్రి భార్య చెప్పిందే రాస్త. "కూలి అడ్డ మీదకు పోతం. ఏడింటికల్ల నిలబడకుంటే ఆ రోజు పని లేదు. మీ గంటేమో తొమ్మిదిన్నరకాయె. అప్పటికి మేం స్లాబు మీద గమేళాలు ఎత్తుతుంటం. గంట ఇనొస్తది. గాడనే తలకాయ వంచుకుంటం."

వెనకట చుట్టుపక్కల పల్లెల నుంచి నడిచొచ్చేటోళ్ల కోసం పెట్టిన టైము అది. ఇప్పుడు నడిచొచ్చేటోళ్లు లేరు. ఆ పల్లెలోళ్లే పట్నంల అడ్డ మీద ఉన్నరు. ఆ సంగతి తెలువక నేను తొమ్మిదిన్నరకే కొడుతున్న.

"మరి పొద్దున్నే ఆరింటికి పెడితే?" అన్నది బైబిలమ్మ.

"వంట ఎవలు చేస్తరమ్మా? టిఫిన్లు కట్టాలె గద."

బైబిలమ్మ ఆ గురిగిని ముందుకు జరిపింది. "ఇదుగో, మీ వంట ఇక్కడుంది. నేను వండుతా. మీరు ఖాళీ టిఫిన్లు పట్టుకొని రండి."

సంఘ పెద్దకు కోపమొచ్చింది. రిటైరైన గుమస్తా ఆయన. మంచి మనిషే గాని పాత పద్ధతి. "ఏందమ్మా, ఆరింటికి గంట కొట్టేదానికి ఇది గుడా, మిల్లు సైరనా?" అన్నడు.

"మిల్లు సైరనుకైతే వస్తున్నారుగా పెద్దయ్యా. మన గంటకే రావట్లేదు."

ఆయన నా దిక్కు వేలు చూపిచ్చి, "నేను చెప్పందే కొడితే ఊకోను" అని పోయిండు. నేనెప్పుడు ఆయన మాట దాటలే. శనివారం పొద్దుగూకంగ బైబిలమ్మ, ఆరింటికి రమ్మని చెప్పుకుంట ఇండ్ల నుంచి తెచ్చిన బియ్యమంత చాటల పోసి రాళ్లు ఏరుకుంట, "నేను నాలుగింటికి పొయ్యి అంటిస్తా. గంట నీ ఇష్టం తమ్ముడూ" అన్నది.

తెల్లారి తాడు పట్టుకున్న. ఆగిన. వెనక నుంచి అన్నం ఉడుకుతున్న వాసన వచ్చింది. కొట్టిన. మొహమాటం లేకుంట కొట్టిన.

ముందుగాల ఎవరు రాలే. పది నిమిషాలకు మేస్త్రి వచ్చిండు, వెనక భార్య. తర్వాత నలుగురు. తర్వాత లెక్కపెట్టుడు మానేసిన. గడప ముందు చెప్పులు మెట్లు దిగి మట్టిలకు పోయినయి. గోడ పొంటి పారలు, తాపీలు, గమేళాలు వరుసగ ఆనిచ్చిండ్రు. సిమెంటు అంటిన చొక్కాలతోనే కూసున్నరు. విశ్వాస ప్రమాణం చెప్పే వేళయింది. పుస్తకాలు చాలవని నాకు పరేషాన్. పదేండ్లు గుడి మొకం చూడనోళ్లు లేచి నిలబడి, పుస్తకం లేకుంట, ఒక్క మాట పొల్లు పోకుంట అందరు ఒక్కసారి చెప్పిండ్రు. పావురాలు లేచి ఎగిరినయి. నేను గంట తాడు పట్టుకొనే నిలబడ్డ. అట్లాంటిది నా జన్మల చూడలే.

పావు తక్కువ ఏడింటికల్ల టిఫిన్లల్ల అన్నం, పప్పు నింపుకొని అడ్డ మీదకు పోయిండ్రు. తొమ్మిదిన్నరకు పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చిండు. ఖాళీ గుడి, మెట్ల నిండ మట్టి అడుగులు.

"పెద్దయ్యా, కొంచెం అన్నం మిగిలింది, తింటారా?" అన్నది బైబిలమ్మ.

"...పెట్టు" అన్నడు. పై వారం మఫ్లరు చుట్టుకొని, "చలికి చంపుతున్నరు నన్ను" అని తిట్టుకుంట అందరికంటె ముందే వచ్చి కూసున్నడు.

ఈస్టరు వచ్చింది. తాళంచెవి నా మొలతాడుకే ఉన్నది. ఇప్పటికీ ఉన్నది.

తర్వాత మిర్యాలగూడ అయ్యగారు ఆమెను పిలిపిచ్చుకున్నడు. గాడ కూడ ఆరింటికే పెడుతదేమో అనుకున్న. కాదు. మళ్ల ఇల్లిల్లు తిరిగి గురిగి అడిగింది. బియ్యం మిల్లుల షిఫ్టు రెండింటికి దిగుతదని తెలుసుకొని మూడింటికి పెట్టిచ్చింది. కోదాడల దుకాణాలల్ల పనిచేసేటోళ్ల కోసం ఆదివారం సాయంత్రం. మూడు ఊర్లు, మూడు వేళలు. ఎవరన్న మెచ్చుకుంటే, "నేనేం చేశా? ఆళ్ల బియ్యం ఆళ్లకే వండిపెట్టా" అనేది.

ఆమెకొక అలవాటు ఉండేది. పిడికెడు బియ్యం గురిగిల పోసినంక అరచెయ్యితోని పైన ఒక్కసారి సదును చేసేది, పసిపిల్ల తల నిమిరినట్టు. ఎందుకమ్మా అని ఒకసారి అడిగిన. "ఊరికే తమ్ముడూ" అన్నది.

కిందటేడు పాణం బాగలేక బిడ్డ కోదాడకు తీసుకపోయింది. కొత్త రాష్ట్రం వచ్చినప్పుడు ఫోను చేసి, "ఇప్పుడైనా గట్టిగా మాట్లాడతావా తమ్ముడూ?" అని ఎగతాళి చేసింది. అదే ఆఖరు మాట.

శుక్రవారం మట్టి చేసినం. అడ్డ మీద పని వదులుకొని మా గల్లీలోళ్లు ఆటోలు కట్టుకొని వచ్చిండ్రు. మిర్యాలగూడ మిల్లులోళ్లు వచ్చిండ్రు. ఒక్కొక్కరు వంగి పిడికెడు మట్టి వేసిండ్రు. ఆ పిడికిళ్లు నాకు తెలుసు.

వచ్చేటప్పుడు బిడ్డ గురిగి నా చేతుల పెట్టింది. "నిన్న పొద్దున తనే లేచి ఎసరు పెట్టింది మావయ్యా. వద్దన్నా వినలేదు. పిడికెడు తీసి ఇందులో పోసి గోడకానుకొని కూర్చుంది. అంతే." లోపల చూసిన. బియ్యం సదునుగ ఉన్నది. సూర్యాపేట దాక ఒళ్లె పెట్టుకొని కదలకుంట కూసున్న.

ఆదివారం ఆరింటికి గంట కొట్టిన. ఎసరు మరుగుతున్నది, ఆమె గురిగిల బియ్యం అండ్ల పోద్దామంటే నాకు చెయ్యి రాలే. మేస్త్రి భార్య పక్కకొచ్చి, "పోసెయ్యి అన్నా. దాసిపెట్టుకోమని ఇయ్యలే ఆమె" అన్నది. పోసిన. గురిగి కడిగి గుడి కిటికీల బోర్లిచ్చిన.

ఇప్పుడు ఇల్లిల్లు తిరిగేటోళ్లు లేరు. మళ్ల పదకొండు మందిమి అయితమా అని నాకు బుగులు. బిడ్డ గురిగితోపాటు ఇచ్చిన ఆమె గుడ్డసంచిని పెద్దాయన నా భుజానికి తగిలిచ్చి, "ఇగ నువ్వే పోవాలె" అన్నడు. నాకు మాట్లాడరాదని అందరికి తెలుసు. అందుకే మిమ్ముల అడుగుతున్న. మీ ఇంట్ల గురిగి ఉండి, ఎవరి కోసమో తెలువకుంట నిండుతుంటే, మీ గల్లీ ఏదో, ఆదివారం ఏ వేళకు మీ చేతులు ఖాళీగ ఉంటయో, ఒక కార్డు ముక్క రాసి గుడికి పంపండ్రి. నేను వస్త. గడపల నిలబడను, లోపలికొచ్చి కూసుంట. జర జల్ది రాయండ్రి.