మహమూదా బీ సినిమాకు వచ్చినవాళ్లు

ఆదోనిలో మంచి సినిమాను గౌరవించేవాళ్లకు ఎన్నడూ కరువు లేదు. టికెట్టు కొనేవాళ్లకే కరువు. ఈ సంగతి మహమూదా బీకి తెలిసొచ్చేసరికి ఆమెకు ముప్పై ఏళ్లు.

ఆమె తండ్రి ఉస్మాన్ సాబ్‌కు పత్తి మార్కెట్టు దారిలో ఫోటో స్టూడియో ఉండేది. చేతులు వణకడం మొదలయ్యాక కెమెరాను కూతురికి అప్పగించాడు. ఆడపిల్ల కెమెరా పట్టడమేమిటని బజారు పెద్దలు చాలా బాధపడ్డారు. ఆ పెద్దల ఇళ్లలోని ఆడవాళ్లే ఫోటోల కోసం ఆమె దగ్గరికి వరస కట్టారు.

1979లో కోసిగి నుంచి తాయమ్మ అనే కూలిమనిషి స్టూడియోకు వచ్చింది. మిరపకాయ కోతలకు వాళ్ల ఊరి కూలీలు గుంటూరు వైపు వలస పోతున్నారు. పోయేలోగా అత్త మద్దమ్మకు ఒక ఫోటో తీయించాలని ఆమె కోరిక.

"మేము తిరిగొచ్చేతలికి ముసిల్ది ఉంటాదో లేదో. ఆడికీ ఈడికీ నడిసే శక్తి లేదు. నువ్వే ఒకసారి రాకూడదామ్మా?"

మహమూదా బీ బస్సెక్కి పోయింది. తాయమ్మ వీధిలో సగం ఇళ్లకు అప్పటికే బీగాలు పడ్డాయి. మద్దమ్మను ఫోటో తీస్తుండగానే లారీ వచ్చింది. మూటలు, పిల్లలు, చివరికి తాయమ్మ కూడా ఎక్కారు. లారీ దుమ్ము అణిగాక కూడా మద్దమ్మ అటే చూస్తూ నిలబడింది. ఎంతసేపు నిలబడిందో ఫోటోలో చూపించడం కుదరదు. ఆ సంగతి మహమూదా బీని నెలరోజులు పీడించింది.

చివరికి మెడలో గొలుసు అమ్మి, బళ్లారిలో ఒకాయన దగ్గర పాత సినిమా కెమెరా కొనుక్కొచ్చింది. పదహారు ఎమ్మెమ్‌ది. తండ్రి తిడతాడనుకుంది.

"రీళ్లు ఎండలో పెట్టొద్దు బేటా," అన్నాడాయన. అంతే.

మూడేళ్లు, మూడు వలసలు తీసింది. తాయమ్మ ఒక కథానాయిక, మద్దమ్మ ఇంకొక కథానాయిక. గంటసేపు నడిచే ఆ సినిమాకు 'బీగాలు' అని పేరు పెట్టింది. మద్రాసు ల్యాబుకు రీళ్లు తీసుకుపోతే గుమాస్తా కాగితం ముందుకు తోసి అడిగాడు.

"డైరెక్టరు గారు రాలేదా అమ్మా?"

"నేనే."

"మంచిదమ్మా. ఆయన వచ్చాక ఇక్కడ సంతకం పెట్టించండి."

తర్వాత గుంతకల్లులో ఒక డిస్ట్రిబ్యూటరును పట్టుకుంది. ఆయన ఓపిగ్గా చూశాడు. మద్దమ్మ గడపలో ఒంటరిగా గంజి తాగే చోట కళ్లు కూడా తుడుచుకున్నాడు.

"ఇట్లాంటి సినిమాలు రావాలమ్మా. కచ్చితంగా రావాల."

"అయితే తీసుకుంటారా అన్నా?"

"రావాలంటి గానీ, నా దగ్గరికే రావాలంటినా? ఇందులో ఒక హీరోను పెట్టు. కూలీలను తోలుకుపోయే మేస్త్రీని వాడితో కొట్టించు. వానలో ఒక పాట తియ్యి."

"కోసిగిలో వాన యాడిది అన్నా?"

"అందుకే కదమ్మా జనం సినిమాకు వచ్చేది!"

ఆదోనిలో థియేటరు నడిపే గోవిందన్న మాత్రం గొప్ప మనసు చేసుకున్నాడు. "మంగళవారం మార్నింగ్ షో నీదే. కళకు ఆ మాత్రం సెయ్యకుంటే ఎట్ల?" అన్నాడు. మంగళవారం పొద్దున ఆ హాలు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుందని చెప్పడం మరిచిపోయినట్టున్నాడు. ఎమ్మిగనూరులో టూరింగ్ టాకీసు నడిపే వీరన్న తన చిన్న ప్రొజెక్టరును తెచ్చి బిగించాడు. గోడల మీద ఆమె అంటించిన పోస్టర్లు రెండు రోజులు నిలిచాయి. మూడోరోజు వాటి మీద ఒక పెద్ద హీరో తొడ కొడుతూ వెలిశాడు.

ఆ రోజు ప్రారంభోపన్యాసం కాలేజీ లెక్చరరు జయన్నది. పట్టణ సాంస్కృతిక సంఘానికి కార్యదర్శి. మన సీమ బతుకుల మీద సినిమాలేవని పదేళ్లుగా పత్రికలకు ఉత్తరాలు రాస్తున్న మనిషి. 'మంచి సినిమా, ప్రేక్షకుల బాధ్యత' అన్న విషయం మీద ముప్పావు గంట మాట్లాడాడు. చప్పట్లు మోగాయి. తర్వాత మహమూదా బీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఏమనుకోకమ్మా. పక్క హాల్లో ఈ పొద్దే కొత్త బొమ్మ. ఇంట్లోవాళ్లు టికెట్లు తీసిపెట్టినారు."

ఆయన వెంట సంఘం మొత్తం బాధ్యతగా లేచిపోయింది. ఫ్యాను గాలికి లోపలికొచ్చిన ముగ్గురు హమాలీలు మిగిలారు. వాళ్లలో ఒకడు నిద్రపోయాడు. మిగతా ఇద్దరూ చివరిదాకా చూసి, వాణ్ణి లేపుకుని వెళ్లిపోయారు. మహమూదా బీ ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని, బయట ఎవరికీ వినపడకుండా ఏడ్చింది.

"ఊరోళ్లకు సూపించినావా?" అన్నాడు వీరన్న రీలు చుడుతూ. "యాడోళ్లకో సూపిస్తాండావు గానీ."

ఊరివాళ్లకు చూపించాలంటే ముందు వాళ్లు ఊళ్లో ఉండాలి. ఎండాకాలం దాకా ఆగి, వలస జనం తిరిగొచ్చాక, వీరన్న టూరింగ్ టాకీసు కోసిగిలో డేరా వేసింది. అప్పటికి మద్దమ్మ చనిపోయి ఏడాదవుతోంది.

పొద్దు గూకగానే డేరా నిండింది. తెర మీద ఎవరి గడప కనబడితే వాళ్లు అరిచారు. ఒకామె తన మేకను గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచింది. మద్దమ్మ కనబడగానే వెనకవాళ్లు కూడా తెర దగ్గరికి జరిగారు. లారీ పోయాక ముసలామె ఒక్కతే నిలబడిన ఆ చోటు దాటగానే తాయమ్మ లేచింది.

"మేము పోయినాక అంతసేపు నిలబడేదా మా అత్త? నాకు తెలీనే తెలీదు. మళ్లీ సూపించక్కా."

వీరన్న రీలు వెనక్కి తిప్పాడు. ఆ రోజు ఆ ఒక్క చోటే నాలుగుసార్లు నడిచింది. ఎవరూ విసుక్కోలేదు.

చివర్లో తాయమ్మే తప్పు కూడా పట్టింది. "అంతా బాగుండాది. ఎండ మటుకు తగ్గించినావు. మాకు ఇంకా ఎక్కువుంటాది."

తన సినిమాను నిజంగా చూసి తప్పు పట్టిన మొదటి మనిషి ఆమె. మహమూదా బీకి ఆ మాట నచ్చింది.

1986లో ఢిల్లీలో ఏదో చిన్న చిత్రోత్సవంలో 'బీగాలు'కు ఒక ప్రశంసాపత్రం వచ్చింది. పేపర్లో నాలుగు లైన్లు పడగానే ఆదోనికి ఆమె మీద పుట్టెడు ప్రేమ పుట్టుకొచ్చింది. సాంస్కృతిక సంఘం శాలువా కప్పింది. ఈ ప్రతిభను మొదట గుర్తించింది తానేనని గుంతకల్లు డిస్ట్రిబ్యూటరు వేదిక మీద ప్రకటించాడు. మహమూదా బీని మాట్లాడమన్నారు.

"కింద కూర్చున్నోళ్లలో నా సినిమా చూసినోళ్లు ఎవరన్నా ఉంటే చెయ్యెత్తండి," అంది.

సభ గొంతు సవరించుకుంది. ఒక్క చెయ్యీ లేవలేదు.

"చూడకపోయినా, దాని గురించి చానా విన్నామమ్మా," అన్నాడు జయన్న, నొచ్చుకుంటూ.

ఆమె నమస్కారం పెట్టి కూర్చుంది. ఆ వారంలోనే తొలకరి పడింది. జొన్నగిరి చేలల్లో తొలి వానకు బయటపడే వజ్రాలు వెతకడానికి ఆడవాళ్లు వంగిన నడుములతో బారులు తీరారని తెలిసి, కెమెరా సంచీలో పెట్టుకుని పొద్దున బస్సుకే బయలుదేరింది.