ఇంటికి సరిపోయే బోరు

2023 జూలై. అరిజోనా ఆగ్నేయ మూలన ఒక ఎడారి లోయ. నేనుండే చాండ్లర్‌లో తెల్లవారకముందే ట్రక్కు తీస్తే ఎండ ముదిరేలోగా అక్కడికి చేరాను. ఆ వేసవిలో నేను వెళ్ళిన చోటల్లా పాత బోర్లు ఎండిపోయినవాళ్ళే. కొత్త బోర్లలో కూడా నీళ్ళు లేవని చెప్పి చెప్పి నాకే విసుగొచ్చి ఉంది. ఆ రోజూ అదే చెప్పాల్సి వస్తుందేమోనని దారంతా అనుకుంటూ వెళ్ళాను.

నా పేరు సంధ్య, పని వెల్ లాగింగ్. బోరు తవ్వడం అయ్యాక, పైపులు దింపకముందే, కేబుల్‌కి కట్టిన పరికరాన్ని అడుగుదాకా దింపి, పైకి లాగుతూ చుట్టూ ఉన్న రాతిని కొలుస్తాం. కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాబ్‌లున్న ఊరు కాబట్టి, చాండ్లర్‌లో మన తెలుగువాళ్ళ పార్టీల్లో నన్ను ఎవరైనా “ఏ ఫ్యాబ్‌లో చేస్తున్నారండీ” అనే అడుగుతారు. చిప్పులు కాదు, బోర్లు అంటే ఒక క్షణం ఆగి, తమ ఊళ్ళో బోరు వేయిస్తే దుమ్ము లేచిన కథ మొదలుపెడతారు. అలాంటి ఒక పార్టీలోనే ప్రభాకర్ గారు నా నంబర్ తీసుకున్నారు.

ఆయన, భార్య సునీత ఇద్దరూ సాఫ్ట్‌వేర్ వాళ్ళు. లేఆఫ్ అయ్యాక ప్రభాకర్ గారు మరో ఉద్యోగం వెతకలేదు. ఈ లోయలో ఇల్లూ, కొంత భూమీ కొని దానిమ్మ తోట వేశారు. సునీత ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసుకునేది. వసంతంలో వాళ్ళ పాత బోరు ఎండిపోయింది. అప్పటినుంచి ట్యాంకర్ నీళ్ళే. నేను వెళ్ళేసరికి వంటింట్లో స్టీలు కంచాలు పైన పెట్టేసి కాగితం ప్లేట్లు వాడుతున్నారు. దానిమ్మ మొక్కలు ఆకు ముడుచుకుని ఉన్నాయి.

బోరు వేసిన డేల్ అనే పెద్దాయన నన్ను చూడగానే రెండు సంగతులు చెప్పాడు. మధ్యలో ఉప్పు, జిప్సం పొరలు తగిలాయి, అందువల్ల డ్రిల్లింగ్ మడ్ ఉప్పగా మారిపోయింది. మడ్ అంటే గోడలు కూలకుండా బోరులో నింపే బురదనీళ్ళు. రెండోది, బంకమట్టి ఉబ్బుతోంది, సాయంత్రంలోగా పైపులు దింపకపోతే బోరు మూసుకుపోవచ్చు.

మొదట మామూలు రెసిస్టివిటీ టూల్ దింపాను. రెసిస్టివిటీ అంటే రాయి కరెంటును ఎంతగా అడ్డుకుంటుందో ఆ కొలత. ఉప్పునీళ్ళున్న పొరలోంచి, బంకమట్టిలోంచి కరెంటు సులువుగా పోతుంది. మంచినీళ్ళున్న ఇసుక కాస్త అడ్డుకుంటుంది. ప్రభాకర్ గారు ట్రక్కులో నా వెనక నిలబడి స్క్రీన్ చూస్తున్నారు. గీత అడుగునుంచి పైదాకా దాదాపు ఒకేలా వచ్చింది.

“గీత కదలట్లేదేంటండీ? కింద ఏమీ లేదా?” అన్నారు.

“ఇది రాయి సంగతి చెప్పట్లేదండీ. బురద ఉప్పగా ఉంది కదా, కరెంటంతా అందులోనే పైకీ కిందికీ పోతోంది. రాతిలోకి వెళ్ళట్లేదు. ఇంకో టూల్ ఉంది, దింపుతాను.”

ఆ ఇంకో టూల్ పేరు లేటరోలాగ్. మధ్యలో చిన్న ఎలక్ట్రోడ్, దానికి పైనా కిందా పొడవైన గార్డ్ ఎలక్ట్రోడ్లు ఉంటాయి. మూడింటినీ ఒకే వోల్టేజీలో ఉంచితే మధ్యదాని కరెంటుకు పైకీ కిందికీ దారి ఉండదు. పల్చటి పలకలా అడ్డంగా రాతిలోకే వెళ్ళాలి. మడికి పోవలసిన నీరు పక్కలకు పోకుండా కాలవకు రెండువైపులా గట్లు వేసినట్టన్నమాట. పొర సన్నగా ఉన్నా ఈ టూల్‌కి దొరుకుతుంది.

పైకి లాగడం మొదలుపెట్టగానే, అడుగు దగ్గరే, గీత ఒక్కసారిగా కుడివైపుకి పోయింది. చాలా ఎక్కువ రెసిస్టివిటీ. ప్రభాకర్ గారు ముందుకు వంగారు.

“నేను చదివాను. రెసిస్టివిటీ ఎక్కువుంటే ఫ్రెష్ వాటర్. అంతేనా?”

నేను జవాబు చెప్పేలోపే ఆయన దిగి ఇంటివైపు నడిచారు. సునీతకు చెప్పడానికని అర్థమైంది. ఆపి ఉండాల్సింది, కానీ అప్పటికే టూల్ బంకమట్టిలో పట్టేసింది. కేబుల్ మీద బరువు పెరుగుతోంది. కాస్త కిందికి వదిలి, ఆగి, మళ్ళీ నెమ్మదిగా లాగితే వదిలింది. మిగతా బోరంతా కొలిచి పైకి తెచ్చేసరికి నా చొక్కా తడిసిపోయింది.

డేల్‌ని పిలిచి, అడుగు దగ్గర బిట్, అంటే రాతిని తొలిచే మొన, ఎలా నడిచిందని అడిగాను. చాలా నెమ్మదిగా, అదురుతూ నడిచిందన్నాడు. మడ్ ఏమైనా తగ్గిందా అంటే, చుక్క కూడా తగ్గలేదన్నాడు. అక్కడినుంచి పైకొచ్చిన రాతి ముక్కలు చేతిలో వేసుకుని చూశాను. వాడి అంచులతో, గట్టిగా ఉన్నాయి. గులకరాళ్ళ పొరైతే బిట్ తొందరగా దిగేది, మడ్ లోపలికి ఇంకిపోయేది. ఇది గట్టి రాయి. రాతిలో నీళ్ళు లేకపోయినా రెసిస్టివిటీ ఎక్కువే వస్తుంది. డేల్ కూడా ఆ ముక్కల్ని చూసి తల పంకించాడు.

కానీ ఆ రాతికి బాగా పైన, బంకమట్టి మధ్యలో, గీతలో ఒక చిన్న మెట్టు కనిపించింది. మామూలు టూల్‌కి అందనిది. అక్కడినుంచి వచ్చిన ముక్కల్లో ఇసుక ఉంది. సన్నటి ఇసుక పొర, అందులో నీళ్ళు, అంత ఉప్పగా లేనివి.

ఇంతలో భార్యాభర్తలిద్దరూ వచ్చారు. సునీత చేతిలో ఇంకా హెడ్‌సెట్ ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అడుగున రాయి. పైన ఇసుక పొరలో నీళ్ళున్నాయి గానీ పెద్దగా రావు. తోటకు సరిపోవు.

ప్రభాకర్ గారు బోరు వైపు చూశారు. “ఇంకా కిందికి వేస్తే?”

“ఈ రాయి ఎంత మందమో నాకు తెలియదండీ. దాని కింద నీళ్ళు ఉంటాయనీ చెప్పలేను, లేవనీ చెప్పలేను.”

“మీ మెషీన్‌లో అంత పెద్దగా కనిపిస్తుంటే రాయి అంటారు. చిన్నగా కనిపించేదాన్ని నీళ్ళంటారు. ఎలా నమ్మమంటారు సంధ్య గారూ?” ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. నాకూ అంతే ఉంది. రాతి ముక్కలు ఆయన చేతిలో పెట్టి, డేల్ చెప్పింది మళ్ళీ చెప్పాను.

అప్పుడు సునీత నన్ను అడిగింది. “ఇంటికి సరిపోతయా? అది చెప్పండి ఫస్ట్.”

“ఇంటికైతే సరిపోతాయనుకుంటున్నానమ్మా.”

“అయితే పైపు అక్కడికే దింపమనండి.”

“తోట సంగతి?” అన్నారు ప్రభాకర్ గారు.

“తోట మీరు అడిగిండ్రు. నేను స్నానానికి నీళ్ళు అడిగిన. ఇన్ని నెలల్ల నన్నెవరూ అడగలే.”

ఆయన ఆమె వైపు చూసి, చేతిలోని రాతి ముక్కల్ని కింద పారబోశారు. డేల్‌కి ఇంగ్లీషులో తనే చెప్పారు, ఇసుక పొర దగ్గర స్క్రీన్ పెట్టమని. స్క్రీన్ అంటే నీళ్ళు లోపలికి రావడానికి సన్నటి చీలికలున్న పైపు. మబ్బులు కమ్ముకుంటుండగా పైపులు దింపడం మొదలైంది.

కొన్ని వారాల తర్వాత నీళ్ళ ఉప్పదనం కొలవడానికి మళ్ళీ వెళ్ళాను. ధార సన్నగా ఉన్నా ఆగకుండా వస్తోంది. సునీత గ్లాసుతో ఇస్తే తాగాను. కాస్త జిప్సం రుచి తగిలింది, కానీ తాగే నీళ్ళే. ప్రభాకర్ గారు తోటలో డ్రిప్ పైపులు తీసేసి చుట్టలు చుడుతూ కనిపించారు. ఇంటి పక్కన ఉన్న కాసిని మొక్కలు మాత్రం ఉంచుకున్నారు. వాటికి గిన్నెలు కడిగిన నీళ్ళు పోస్తున్నామన్నారు.

“ఎన్నేళ్ళు వస్తాయండీ ఈ నీళ్ళు?” అని అడిగారు.

తెలియదని చెప్పాను. చుట్టుపక్కల అందరూ ఇంకా లోతుకి వేస్తున్నారు, ఈ పొర ఎంతకాలం నిలుస్తుందో ఏ టూలూ చెప్పదు. ఆయన తలూపి మళ్ళీ పైపు చుట్టడం మొదలుపెట్టారు. వచ్చే నెల టక్సన్ సిటీలో ఉద్యోగంలో చేరుతున్నానని మాత్రం చెప్పారు.

రాయి కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలవడమే నేను చదువుకున్నది. నీళ్ళున్నాయా లేవా అన్న ప్రశ్న ఒక్కటే తీసుకుని ఇన్నేళ్ళూ బోర్ల చుట్టూ తిరిగాను. ఎవరికి, ఎందుకు, ఎన్ని అని అడగడం నా పని అనుకోలేదు. ఇప్పుడు ట్రక్కు దిగగానే, టూల్ బయటికి తీయకముందే, ఇంట్లో ఉన్నవాళ్ళందరినీ పిలిచి ఒక్కొక్కరినీ అడుగుతున్నాను. ఎన్ని నీళ్ళుంటే ఇక్కడ ఉండగలరు అని. భార్య చెప్పేదీ భర్త చెప్పేదీ చాలాసార్లు ఒకటి కాదు. ఎదుటివాళ్ళకు ఏం కావాలో చాలామంది నా ముందే మొదటిసారి వింటారు. నేను కేబుల్ సర్దుకుంటూ, వాళ్ళు మాట్లాడుకునేదాకా ఆగుతాను.