సొంత చేను, షాపు కారం

మా అక్కా బావలది పెదకాకాని దగ్గర ఊరు. మూడెకరాల్లో మిరప వేస్తారు. కళ్ళం నిండా కాయలు ఎండుతుండగా, ఆ ఇంట్లో ప్యాకెట్ కారంతో వండిన వంకాయ కూర తిన్నాను. కూర ఎర్రగా నిగనిగలాడుతోంది. నోట్లో పెడితే చప్పన.

"ఇది మన కారమేనా అక్కా?"

"కాదురా, షాపుది. రంగు బాగుంటదని తెస్తన్నాం."

నేను కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. వినియోగదారుడు తనకేది మేలో బేరీజు వేసుకునే కొంటాడని ఏటేటా పిల్లల్ని నమ్మిస్తాను. ఆ మహా వివేకి ఇక్కడ పండించింది అమ్మేసి, ఎర్రపొడి కొనుక్కుని తింటున్నాడు.

ఊరుకోలేకపోయాను. సీసా అడుగున పాత ఇంటి కారం కొంచెం ఉంటే, ఒక్కో కారంతో ఒక్కో గుడ్డట్టు వేయించి, బావ కళ్ళకు కండువా కట్టి తినిపించాను. రెండోది నోట్లో పెట్టగానే "ఇదయ్యా కారమంటే!" అన్నాడు. అది ఇంటి కారం. కండువా విప్పాను. బావ రెండు పళ్ళేలూ చూసి ఎర్రగా ఉన్నదాన్నే దగ్గరికి లాక్కున్నాడు.

"ఇప్పుడేగా బావా, అది బాగుందన్నావు!"

"బాగుంది. చూట్టానికి ఇదే బాగుందయ్యా."

"ఓటు కూడా ఇట్టాగే వేస్తావా?" అన్నాను వెటకారంగా.

బావ నవ్వాడు గానీ అక్కకు మండింది. "ఏరా, తొడిమలు తీసేదెవరు? మిల్లు కాడ నిలబడేదెవరు? చేతులు మండేది మీ బావకా, నీకా? పాఠాలు చెప్పటం కాదు, తీసుకుపోయి నువ్వు ఆడించుకో!"

పౌరుషానికి అయిదు కిలోల కాయలు గుంటూరులో మా ఇంటికి తెచ్చాను. ఆదివారం పొద్దున వరండాలో కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టాను. కిలో అయ్యేసరికి దగ్గు పట్టుకుంది. రెండో కిలోలో ఒళ్ళు మరిచి కన్ను నలుపుకున్నాను. ఆ తర్వాత సాయంత్రం దాకా కంటి మీద తడిగుడ్డతో మంచం మీదే ఉన్నాను. మా ఆవిడ మిగిలిన కాయలు పనిమనిషికి ఇచ్చేసింది.

బుధవారం సూపర్ మార్కెట్‌కి వెళ్ళాను. నాలుగు రకాల కారాలున్నాయి. ధర చూడలేదు, బరువు చూడలేదు. చేతికందిన ప్యాకెట్ బుట్టలో పడేసుకుని వచ్చేశాను. ఇంతటి మేధావినైనా, అక్కకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పే ధైర్యం మాత్రం ఇంతవరకూ రాలేదు.