వదిలేసినవాళ్లు పెట్టిన చుక్క

ఒక దర్జీ దగ్గర బట్టలు కుట్టించుకోవడం మానేసినప్పుడు, ఎందుకు మానేశారో ఆ మనిషి మొహం మీద చెప్పారా మీరు ఎప్పుడైనా? చెప్పరు. ఆ దుకాణం ముందు నుంచి పోకుండా పక్క వీధిలోంచి తిరిగిపోతారు. అందుకే మన తార్నాకకు సారు లాంటి మనిషి అవసరమయ్యారు. ఆ సారు సోమవారం పొద్దున పోయారు. చౌరస్తాలో నేను కూరగాయలు కొంటుంటే వాళ్ల పక్కింటావిడ చెప్పింది, పేపరు చదువుతూ కుర్చీలోనే తల వాల్చేశారని. ఏరుకున్న బెండకాయలు బండి మీదే వదిలేసి వాళ్లింటికి నడిచాను.

సారు యూనివర్సిటీలో మార్కెటింగ్ పాఠాలు చెప్పేవారు. మా చర్చి సంఘం మనిషి కాదు, ప్రార్థనకు ఒక్కనాడూ రాలేదు. నేనేమో ఏడో తరగతితో బడి మానేసి, గ్రంథాన్ని కూడబలుక్కుంటూ నేర్చుకుని, ఆడవాళ్ల కూటాల్లో వాక్యం చెప్పే మనిషిని. మిగతా వేళల్లో మా సంఘం నడిపే కుట్టు సెంటర్‌లో మెషిన్ తొక్కుతాను. మాకు పరిచయం ఒక ప్యాంటు వల్ల అయింది. నడుము వదులు చేయమని ఇచ్చారు. చెప్పిన రోజుకు ఇవ్వలేకపోయాం, ఆ తర్వాతి వారమూ అంతే. మళ్లీ వచ్చినప్పుడు ఆయన కోప్పడలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, "నా లెక్క తిరిగి తిరిగి, మళ్ల ఇటు దిక్కు రానోళ్లు ఎందరుంటరమ్మా?" అని అడిగారు.

ఆ శనివారం పాత పేపర్లో చుట్టిన చార్టు తెచ్చారు. కత్తిరింపు బల్ల మీద పరిచి, లేచిపోకుండా ఒక మూల కత్తెర, ఇంకో మూల ఇస్త్రీపెట్టె పెట్టి, చెవి మీది పెన్సిలు తీశారు. పెన్ను ముట్టేవారు కాదు. మార్కెట్ రోజుకొక తీరుగ ఉంటది, చెరిపేటట్టే గీయాలె అనేవారు.

"ఎవరికి కుడుతున్నవమ్మా?"

"అందరికీ సారూ."

"అందరంటే ఎవరు? ఒక్క మనిషిని చూపెట్టు."

చూపించబోతే మా 'అందరూ' విడివిడిగా కనబడసాగారు. పండక్కి జాకెట్లు కుట్టించుకునే రైల్వే క్వార్టర్స్ ఇల్లాళ్లు వేరు. ఆఫీసులకు పోయే ఆడవాళ్లు వేరు. క్యాంపస్ హాస్టల్ పిల్లలు పూర్తిగా వేరు. నాకు విత్తనాలు చల్లినవాడి ఉపమానం గుర్తొచ్చి అక్కడికక్కడే చెప్పేశాను: దారి పక్కన పడినవి, రాతి నేలలో, ముళ్లలో పడినవి, మంచి నేలలో పడినవి. సారు నవ్వారు. "మీ గ్రంథంల ఉన్నదే నేను జీతం తీస్కొని చెప్తున్ననన్నట్టు," అన్నారు. ఆ వెంటనే గుచ్చారు: "కాని తల్లీ, నువ్వు ఇత్తనాలు చల్లుడే గాని, నేల దిక్కు చూస్తలేవు." నాకు మండింది. వాక్యాలు తీసి తీసి వాదించాను. ఆయన పెన్సిలు చెక్కుకుంటూ అంతా విన్నారు.

తర్వాత రెండు గీతలు గీశారు. అడ్డగీత మీద, బట్ట ఎంత తొందరగా చేతికొస్తుంది. నిలువుగీత మీద, ఒంటికి ఎంత చక్కగా అమరుతుంది. మెయిన్ రోడ్డు లేడీస్ టైలర్లకు ఒక చుక్క, హబ్సిగూడ వైపు కొత్తగా వెలిసిన రెడీమేడ్ షాపులకు ఒక చుక్క. మా చుక్కను నేను కుడివైపు పైమూలన పెట్టబోతే వేలు అడ్డం పెట్టారు. ఆయన క్లాసులోనూ ఇదే తంతట, ఎవరు గీసినా సొంత సరుకు పైమూలనే కూర్చుంటుందట. "నీ చుక్క నువ్వు పెట్టుకోవద్దమ్మా. నిన్ను ఇడిచిపెట్టి పోయినోళ్లు పెట్టాలె."

చార్టు చుట్టుకుని లేడీస్ హాస్టల్‌కు నడిచాం. ఒకప్పుడు మా దగ్గర కుట్టించుకున్న అమ్మాయి పెన్సిలు అందుకుంది. "జాకెట్టు మంచిగనే కుడతరక్కా. చెప్పిన దినం మాత్రం ఇయ్యరు. అడిగితే ప్రార్థనకు రమ్మంటరు," అంటూ మా చుక్కను బాగా ఎడమకు, అందరికంటే ఆలస్యపు చోట పెట్టింది. సారు నవ్వు కనబడకుండా కిటికీ వైపు తిరిగారు.

అన్ని చుక్కలూ పెట్టాక ఒక మూల ఖాళీగా మిగిలింది. తొందరగానూ రావాలి, చక్కగానూ అమరాలి. హాస్టల్ పిల్లలు కొనే రెడీమేడ్ డ్రెస్సు అప్పటికప్పుడు దొరుకుతుంది గాని ఒంటికి పట్టదు. దాన్ని అదే రోజు సరిచేసి ఇచ్చేవాళ్లు చుట్టుపక్కల లేరు. మా పొట్ట కొడుతున్నదనుకున్న షాపే మాకు పని పంపగలదు. సారు ఆ ఖాళీ చుట్టూ సున్నా గీసి, "గీడ నిలబడున్రి," అన్నారు.

ఇక్కడి నుంచి కోపంతోనే రాస్తున్నాను. మా సంఘ పెద్ద ఆ చార్టు చూసి నొచ్చుకున్నారు. సంఘం పేరున్న చుక్క అందరికంటే వెనక ఉండటమేమిటన్నారు. ఒక ఆర్టిస్టుతో రంగుల్లో కొత్తది గీయించి, మా చుక్కను బంగారు రంగులో పైమూలన పెట్టించి, ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. సారు వచ్చి చాలాసేపు చూశారు. "రంగులు మంచిగున్నయ్," అన్నారు. చాయ్ తాగి వెళ్లిపోయారు.

అయినా వదల్లేదు. క్యాంపస్ నుంచి వస్తూ శనివారాలు గుమ్మంలో ఆగేవారు. "పోయిన్రా హాస్టల్ కాడికి?" సంఘం కమిటీ తీర్మానం కావాలట సారూ అంటే, "తీర్మానం వచ్చేసరికి ఆ పిల్లల సదువులైపోతయ్," అనేవారు. నేను ప్రతి కూటంలో లేచి అడిగాను. కూర్చోమన్నారు, ఆడమనిషివి ఆవేశపడకు అన్నారు.

ఆ తీర్మానం రాలేదు గాని ఇంకొకటి వచ్చింది. ఈ నెలాఖరుకు సెంటర్ మూసి మెషిన్లు అమ్మేస్తారట. ఆ మెషిన్ల ముందు కూర్చునేది భర్త పోయినవాళ్లూ, ఉండీ లేనివాళ్లూ. వాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగేది ఈ పనితోనే. అదే కమిటీ ఆదివారం సారుకు సంతాప సభ పెడుతోంది. మైకు మాట్లాడుకున్నారు, గజమాలకు చెప్పారు. యజమాని అప్పగించినదాన్ని వాడకుండా భూమిలో పాతిపెట్టిన పనివాడి సంగతి మీకు తెలుసు. మనం వాడిని మించిపోయాం, పాతిపెట్టిన చోట పూలదండ కూడా వేస్తున్నాం.

నేను కమిటీని అడగడం మానేశాను. హాస్టల్ వార్డెనమ్మను అడిగితే, గేటు పక్క వరండాలో కూర్చోండి అన్నది. సెలవులు ముగిసి పిల్లలు కొత్త బట్టలతో ఊళ్ల నుంచి దిగారు. ఈ కరపత్రం పంచుతున్న ఈ రోజే, సాయంత్రం నాలుగింటికి, నా మెషిన్‌ను రిక్షాలో వేసుకుని బయల్దేరుతున్నాను. చెల్లెళ్లారా, మీవి కూడా ఎక్కించండి. అన్నలారా, ఉపన్యాసం ఆదివారం ఇవ్వవచ్చు, ఇప్పుడొచ్చి ఒక చెయ్యి వేయండి. అక్కడ గేటు దగ్గర ఒక పిల్ల, చేతులు వేళ్లను దాటి వేలాడుతున్న కమీజు వేసుకుని నిలబడి ఉంటుంది. పొద్దు గూకేలోగా ఆ కమీజు ఆ పిల్ల ఒంటికి పట్టాలి. లేవండి.