బందరు ప్రయాణానికి చిత్రావతిలో రిహార్సల్

ఈ పొద్దు పాలాయన గిన్నెలో పాలు పోస్తా పోస్తా ఆగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగినాడు: "టీచరమ్మా, నాకైనా నిజం చెప్పండి. బిందెలో దొరికిందా, పెట్టెలో దొరికిందా?"

ఏమీ దొరకలేదు మహానుభావా! ఊరోళ్ళ నోటికి మేమిద్దరం దొరికినాం, అంతే. ఊర్లో తిరుగుతున్న కథకూ జరిగినదానికీ ఏ సంబంధమూ లేదు. ఆదివారం నేను, మా ఆయన, రెండు నీళ్ళ క్యాన్లు కలిసి చేసిన ఘనకార్యం ఏందో మీరైనా మొదటి నుంచి వినండి.

మా పిల్లలిద్దరూ విజయవాడలో హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నారు. హారిక ఇంటర్, తేజ పదో తరగతి. మేముండేది గోరంట్ల దగ్గర పల్లెలో. నేను ఇక్కడి బడిలో టీచర్ని. మా ఆయనకు గోరంట్లలో బోరు మోటార్ల వైండింగ్ అంగడి ఉంది. అంటే నేను పిల్లల్ని పెంచేది ఫోన్లోనే! ఆదివారం పొద్దున తేజ అక్క హాస్టల్‌కు వస్తే, ఆడి వార్డెన్ మేడమ్ ఫోన్ నుంచి వీడియో కాల్ వస్తుంది. ఆ కాసేపట్లోనే తిన్నారా, తల ఆరబెట్టుకున్నారా, ఫ్యాన్ కింద పడుకోవద్దు, ఫ్యాన్ లేకుండా పడుకోవద్దు, అన్నీ చెప్పేయాల. వారానికి సరిపడా భయాలను అంత చిన్న ఫోన్లో కుక్కడం ఎంత కష్టమో తల్లులకే తెలుస్తుంది.

దసరా సెలవులకు పిల్లల్ని తీసుకురావడానికి పోయినప్పుడు అట్నుంచి అటే మచిలీపట్నం చూపించాలని హారిక పట్టు. దాని రూమ్మేట్‌ది ఆ ఊరేనంట. డచ్చివాళ్ళ కోట, పాత రేవు, కలంకారీ, బందరు లడ్డూ, చివరికి సముద్రం అని ఆ పిల్ల దీనికి బాగా ఎక్కించింది. మా ఇంట్లో నలుగురిలో ఒక్కరం కూడా సముద్రం చూసినోళ్ళం కాదు. పుస్తకంలో బొమ్మ చూపించి పాఠం చెప్పడమే నాకు తెలిసిన సముద్రం.

పోయినేడు కూడా ఇట్లే అనుకున్నాం. టికెట్లు తీసుకున్నాక టీవీలో అల్పపీడనం అన్నారు. నేను వెంటనే క్యాన్సిల్ చేయించినాను. ఆ అల్పపీడనం మన దిక్కే చూడకుండా ఒడిశా పక్కకు పోయింది! హారిక చాలా రోజులు నాతో "ఊ", "ఊహూ" తప్ప మాట్లాడలేదు. ఈ ఏడు ముందే చెప్పేసింది.

"అమ్మా, ఈసారి గూడా నీ భయాలతో చెడగొట్టినావంటే నేను సెలవులకు ఇంటికే రాను. ఈడనే స్టడీ అవర్స్‌లో కూర్చుంటా."

స్టడీ అవర్స్ పేరెత్తితే కడుపునొప్పి తెచ్చుకునే పిల్ల ఆ మాట అన్నదంటే అది ఉత్త బెదిరింపు కాదు. నా బిడ్డ సెలవులకు నా దగ్గరికి రాదంట! సరే, ఏమైనా కానీ క్యాన్సిల్ చేయనని మనసులో గట్టిగా అనుకున్నా. కానీ గట్టిగా అనుకున్నంత మాత్రాన భయం పోతుందా?

మళ్ళీ ఆదివారం ఉండబట్టలేక అడిగినా. "ఆ కోట పాడుబడి ఉంటుంది కదా పాపా, పాములుండవూ?"

"అమ్మా! అంత చరిత్ర ఉన్న ఊరికి పోతా నువ్వు అడిగేది పాముల గురించా? ఇంకొక్క సేఫ్టీ మాట మాట్లాడినావంటే చూడు!"

ఇంక నేను నోరు కట్టేసుకున్నా. సముద్రం మాట ఎత్తకుండానే సముద్రానికి తయారు కావాల. ఎట్ల? అప్పుడు వచ్చింది నాకు ఆ దిక్కుమాలిన ఆలోచన. రిహార్సల్!

ఆ పై ఆదివారం పొద్దున్నే ఈ మాట చెప్తే, మా ఆయన టీ గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసినాడు.

"ఏమే, సముద్రానికి రిహార్సల్ ఏందే? మనం పెండ్లికి గూడా చేసుకోలే కదా!"

"చేసుకోలేదు కాబట్టే ఇట్లుండాది. లేయండి."

మీరు నవ్వినా సరే, నా లెక్క నాకుంది. మా ఊరి పక్క చిత్రావతి ఏట్లో ఇసక ఉంది. గాలి ఉంది. ఎండైతే కావాల్సినంత ఉంది. నీళ్ళొక్కటే లేవు. నీళ్ళు లేని చోట ప్రాక్టీస్ చేస్తే అంతకంటే సేఫ్ ఏముంది?

రిహార్సల్ అంటే నాకు పూర్తి రిహార్సలే. సామాను మొత్తం తీసుకున్నా. బస్సులో వాంతులు కాకుండా వాసన చూసేదానికి సంచెడు నిమ్మకాయలు. బడిలో డ్రిల్లుకు ఊదే విజిల్. సోడా బండాయన దగ్గర అడిగి తెచ్చిన పెద్ద గొడుగు, దాన్ని పాతేదానికి మా ఆయన అంగట్లో గడ్డపార. ఆ గడ్డపారకు శుక్రవారం పెట్టిన కుంకుమ బొట్టు అట్లే ఉంది. ఇంక తాడు! మామూలు తాడు కాదు. బోర్లోకి మోటారు దించే తాడు. అంతంత బరువు మోటార్లను పట్టుకునే తాడు మా పిల్లల్ని పట్టుకోదా?

పిల్లలు విజయవాడలో ఉన్నారు కాబట్టి వాళ్ళకు బదులు రెండు ఖాళీ నీళ్ళ క్యాన్లు. ఒకదానికి హారిక ఎర్ర చుడీదార్ టాప్, ఇంకోదానికి తేజ పసుపు చొక్కా తొడిగినా. గొడుగు కింద కూర్చుని చూస్తే ఎంత దూరం దాకా ఏ రంగు కనపడుతుందో తెలుసుకోవాల కదా!

ఏటిగట్టు కింద కూలిపోయిన పాత మండపం ఒకటి ఉంది. దాని ముందర ఇసక చదునుగా ఉందని అక్కడ దిగినాం. పోయిన వేసవిలో ఆ మండపం కింద ఎవరో గుప్తనిధుల కోసం తవ్వి పారిపోయినారు. అప్పట్నుంచి ఊరోళ్ళు దాని మీద ఒక కన్నేసి ఉంచినారు. ఈ సంగతి నాకు తెలీదా అంటే తెలుసు. మా స్టాఫ్‌రూమ్‌లో దాని గురించి గంటలు గంటలు మాట్లాడినదాన్నే. ఆ పొద్దు మాత్రం నా బుర్రలో సముద్రం తప్ప ఇంకేమీ లేదు.

మా ఆయన గుంత తవ్వినాడు. "చాలా?" అన్నాడు.

"ఆడ గాలి ఎక్కువంట. ఇంకొంచెం లోతుగా."

ఇంకొంచెం తవ్వినాడు. "ఇప్పుడు?"

"ఇంకొంచెం."

"ఏమే, ఇది గొడుక్కా, కరెంటు స్తంభానికా?"

చెమటలు కక్కుతా చెయ్యి మునిగేంత తవ్వినాడు పాపం. గొడుగు పాతక ముందే విజిల్ ఎంత దూరం వినపడుతుందో చూద్దామని, రెండు క్యాన్ల నడుములకు తాడు కట్టి, దూరంగా నిలబెట్టి, నేను గట్టిగా ఊదినా. పిల్లలైతే వచ్చేస్తారు. క్యాన్లు రావు కాబట్టి మా ఆయన తాడు పట్టి లాగినాడు. గాలికి తేజ పడిపోయినాడు. అదే, తేజ క్యాన్.

విజిల్ విని వచ్చింది గొర్రెల ఓబులేసు. గట్టు మీద నిలబడి, గుంతను చూసినాడు, కుంకుమ బొట్టు గడ్డపారను చూసినాడు, నిమ్మకాయల సంచిని చూసినాడు, గుడ్డలు తొడిగిన రెండు ఆకారాలను చూసినాడు.

"ఏం చేస్తాండారప్పా ఈడ?"

మా ఆయన సిగ్గుపడి, చెప్పకూడని జవాబు చెప్పినాడు. "ఏం లే అన్నా. ఊరికే."

నాకు అబద్ధం చేతకాదు. నిజమే చెప్పినా. "సముద్రానికి పోతాండాం ఓబులేసన్నా."

ఓబులేసు ఏటిని పైకి చూసినాడు, కిందికి చూసినాడు. ఎండిన ఇసక తప్ప ఏముంది? "యాడుండాది?" అన్నాడు. నేను జవాబు చెప్పే లోపలే వెనక్కి వెనక్కి నడిచి, ఫోన్ తీసినాడు. గొర్రెల మధ్య అరిచి చెప్పే మాటలు నాకు బాగానే వినపడినాయి.

"అన్నా, మండపం కాడ మళ్ళా దిగినారు! ఈసారి ఆడమనిషి గూడా ఉండాది. పిల్లోళ్ళ బొమ్మలు చేసి తాడుతో ఈడుస్తాండారు. బిరీన రాండి!"

కాసేపటికే బైకులు వచ్చినాయి. ముందు దిగింది నరసింహులు. వాళ్ళ పాప నా క్లాసులోనే ఉంది. కట్టె పట్టుకుని ఆవేశంగా వచ్చినోడు నన్ను చూసి కొయ్యబారిపోయినాడు.

"టీచరమ్మా! మీరు గూడానా? జీతం సరిగ్గా పడతా లేదా ఏంది?"

"అయ్యో, అది కాదు నరసింహులూ..."

"బడిలో పిల్లోళ్ళకు మూఢనమ్మకాలు వద్దు, వద్దు అని చెప్తారే! నిమ్మకాయలు ఎందుకు మరి?"

"వాంతులకు."

"గడ్డపారకు కుంకుమ?"

"అది శుక్రవారంది."

"ఆ బొమ్మలు?"

"మా పిల్లలు."

అందరూ ఒక అడుగు వెనక్కి వేసినారు. ఒకాయన "పోలీసులకు ఫోన్ చేద్దామా?" అంటున్నాడు. మా ఆయన తల పట్టుకుని ఇసకలో కూలబడినాడు. సరిగ్గా అప్పుడు మోగింది నా ఫోన్. ఆదివారం వీడియో కాల్!

ఎత్తితే హారిక ఇదంతా చూస్తుంది. చూసిందంటే అయిపోయింది, ఈ సెలవులకు నా బిడ్డ మొహం నేను చూడను. ఎత్తకపోతే మళ్ళీ వారం దాకా కాల్ లేదు. పైగా ఎదురుగా నరసింహులు "ఎవరమ్మా ఫోన్లో? మీ ముఠానా?" అంటున్నాడు.

"ఎత్తే తల్లీ!" అని అరిచినాడు మా ఆయన. "మన బెయిలు వాళ్ళే!"

ఎత్తినా. తెర మీద హారిక, తేజ, వెనకాల ఇంకో అమ్మాయి. హారిక నవ్వుతా "అమ్మా" అనబోయి ఆగిపోయింది.

"అమ్మా, ఆ క్యాన్‌కు నా ఎర్ర టాప్ ఎందుకు తొడిగినావు?"

"చూసినారా! కూతురికి గూడా తెలీదు!" అని నరసింహులు ఫోన్ దగ్గరికి వంగినాడు. "పాపా, భయపడొద్దు. మీ అమ్మా నాయనా ఈడ ఏం చేస్తాండారో నీకేమన్నా ఎరుకనా?"

హారిక ఫోన్‌ను తిప్పమనింది. తిప్పి చూపించినా. గొడుగు, తాడు, నా మెడలో విజిల్, ఇసక. దాని మొహంలో ఒక్కొక్కటే అర్థమవుతా వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నా.

"అంకుల్," అనింది హారిక, "మా అమ్మ సముద్రం ప్రాక్టీస్ చేస్తాంది."

"ఈడనా?"

"ఆడ చేసేదానికి భయం అంకుల్."

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, ఏరంతా నవ్వు!

తేజ మధ్యలో దూరినాడు. "నాయనా, నేను ఏ క్యాను? నన్నెందుకు పండబెట్టినారు?"

"గాలికి పడినావులేరా," అన్నాడు మా ఆయన.

"పిల్లోళ్ళను తాడుతో కట్టేదా?" అని ఓబులేసు మాత్రం నవ్వకుండా అడిగినాడు. "ఏం టీచరమ్మా, నేను నా గొర్రెలను గూడా అట్ల కట్టనే!"

అప్పుడు వెనకనున్న అమ్మాయి ముందుకొచ్చింది. ఆ బందరు రూమ్మేట్ ఆమేనంట. "ఆంటీ, మా దగ్గర లోపలికి చాలా దూరం నడిచినా మోకాళ్ళ దాకానే ఉంటాయండీ నీళ్ళు. ఇసక కూడా పెద్దగా ఉండదండీ, నల్లటి బురదమట్టి."

"బురదా!" అన్నా నేను. "జారితే?"

మళ్ళీ ఏరంతా నవ్వు. హారిక మాత్రం నవ్వలేదు. నన్నే చూస్తా ఉంది. "అమ్మా, ఇదంతా క్యాన్సిల్ చేసేదానికా, పోయేదానికా?"

"పోయేదానికే పాపా. క్యాన్సిల్ చేయకూడదనే ఇంత అగచాటు పడతాండా."

దాని మొహం కొంచెం మెత్తబడింది. "సరే. మేం వస్తాం. కానీ ఆ తాడు తెచ్చినావంటే హాస్టల్ గేటు దాటం. అందరి ముందర చెప్పు."

చెప్పినా. నరసింహులు ఫోన్లోకి చూసి, "మేం సాక్ష్యం పాపా," అని, అక్కడికక్కడే మా బోరు తాడు చుట్ట చుట్టి బైకుకు తగిలించుకున్నాడు. "మీరు బందరు చూసి వచ్చినాక ఇస్తా టీచరమ్మా." పంచనామా లేదు కానీ, జప్తు జప్తే.

సామాను సర్దుకుంటా వెనక్కి చూస్తే, గొర్రెలన్నీ మా గుంత చుట్టూ తలలు దూర్చినాయి. ఏమంటే, అడుగున నీళ్ళు ఊరినాయి! మా ఆయన తన గొడుగు గుంతను చూసుకుని, "ఇంకొంచెం, ఇంకొంచెం అంటివే, తగిలింది చూడు నీ సముద్రం," అన్నాడు.

ఇప్పుడు ఓబులేసు రోజూ గొర్రెలను అక్కడికే తోలుకుపోతున్నాడు. యాడికన్నా అంటే "టీచరమ్మ సముద్రానికి" అంటాడంట. బడిలో పిల్లలు నేను బోర్డు వైపు తిరిగితే చాలు, నవ్వులు. నిధి కథ నమ్మినోళ్ళు సగం ఊరు, సముద్రం కథ నమ్మినోళ్ళు సగం ఊరు. ఏది నమ్మినా పరువు పోయింది నాదే.

పోనీలెండి. టికెట్లు తీసుకున్నాం. టీవీలో వాతావరణం చెప్పే టైముకు మా ఆయన రిమోట్ దాచేస్తున్నాడు. మాటిచ్చినట్టే తాడు జోలికి పోను. తాడు వద్దన్నారు, ఒప్పుకున్నా.

విజిల్ గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. హ్యాండ్‌బ్యాగులో అడుగున పెట్టుకున్నా.