మా అమ్మాయి హోంవర్క్ నుంచి నాకు కలిగిన విడుదల

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, తాగుడు నుంచీ పేకాట నుంచీ విడుదల పొందినవారి సాక్ష్యాలు ఈ పత్రికలో చదివి మీరు కన్నీళ్లు పెట్టుకుని ఉంటారు, కానీ నా వ్యసనం వాటన్నిటికీ పెదనాన్న! మూడేళ్లపాటు మా అమ్మాయి ఇంగ్లీషు హోంవర్క్ నేనే రాశాను!

నేను పాలకొల్లు దగ్గర ఒక రైసుమిల్లులో గుమస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లైనా కడుక్కోకుండా మా కృప స్కూలు బ్యాగు మీద పడేవాణ్ణి. తన దస్తూరీ నాకు ఎంత బాగా పట్టుబడిందంటే, మిల్లు రిజిస్టరులో కూడా ఎనిమిదో తరగతి ఆడపిల్ల అక్షరాలే పడేవి. టీచరుగారికి అనుమానం రాకుండా పేజీకి రెండు తప్పులు నేనే పెట్టేవాణ్ణి, ఆ తప్పులకే గంటసేపు ఆలోచించేవాణ్ణి! మా ఆవిడ మార్త "దాన్ని రాసుకోనివ్వండీ" అంటే "పిల్ల అలిసిపోతుందే" అనేవాణ్ణి. నిజం ఒప్పుకుంటున్నాను, నోటుబుక్కులో 'వెరీ గుడ్' పడితే అది నాకే పడినట్టు వీధంతా తిప్పి చూపించేవాణ్ణి.

పదో తరగతి ప్రీఫైనల్‌లో కృపకి ఇంగ్లీషులో వందకి పదకొండు వచ్చాయి. ఇంగ్లీషు మేడమ్‌గారు నన్ను పిలిపించి, "ఏంటండీ ఇది? హోంవర్క్‌లో పట్టాభిషేకం, పరీక్షలో వనవాసమా?" అని, కృపతో, "అమ్మా, నువ్వు రాసిన 'మా ఊరి సంత' వ్యాసం నా ఎదురుగా నాలుగు లైన్లు రాయి" అన్నారు. పిల్ల పెన్ను పట్టుకుని, కాగితం వైపు చూసి, తర్వాత నా చేతివైపు చూసింది. సహోదరులారా, ఆరడుగుల మనిషిని, ఆ బెంచీ కింద దూరిపోవాలనిపించింది! పబ్లిక్ పరీక్షలకి నెలన్నర కూడా లేదు.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో కృప ఇలా అడిగింది: "యేసయ్యా, నాన్నకి నేనంటే చాలా ఇష్టం. కానీ నాన్న చేతిని కాస్త ఆపు తండ్రీ. నా తప్పులు నన్నే రాసుకోనియ్యి. నాకు పరీక్షంటే భయమేస్తోంది." నేను ఏడ్చిన ఏడుపుకి కింద పరిచిన చాప మర్నాడు ఎండలో ఆరేయాల్సొచ్చింది.

ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాలు మొదలయ్యే ముందు పాస్టరుగారు, ఈ నలభై రోజులూ ఎవరేం మానేస్తారో చెప్పమన్నారు. ఒకరు చేపల పులుసు అన్నారు, ఒకరు టీ అన్నారు, ఒకమ్మ ఎంతో ధైర్యం చేసి సీరియల్ అంది. నేను లేచి, "మా అమ్మాయి హోంవర్క్ అండి" అన్నాను. సంఘమంతా గొల్లున నవ్వింది.

"అయితే ఇన్నాళ్లూ టెన్త్ చదివేది నువ్వా నాయనా?" అందో పెద్దావిడ.

నవ్వినవాళ్లే నా కోసం ప్రార్థన చేశారు! మొదటి వారం నా వేళ్లు ములక్కాడల్లా బిగుసుకుపోయాయి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాణ్ణి. కృప ఒక పేరా చదివి, పుస్తకం మూసి, రొయ్యలు ఒలుస్తున్న వాళ్లమ్మకి అందులో ఏముందో తెలుగులో చెప్పేది. ఇంగ్లీషు ముక్క రాని మార్త, "తర్వాతేమైందే? అతనెందుకెళ్లాడు?" అని లాయరులా నిలదీసేది. చెప్పలేనిచోట పిల్ల మళ్లీ పుస్తకం తెరిచేది, అంతా చెప్పాక తన సొంత ఇంగ్లీషులో రాసేది, మేడమ్‌గారు దిద్దినవన్నీ మర్నాడు మళ్లీ రాసేది. మొదట్లో నోటుబుక్కు మిరపకాయలు ఆరబోసినట్టు ఎర్రగా ఉండేది, పరీక్షల నాటికి ఆ ఎరుపు అక్కడక్కడా మాత్రమే మిగిలింది.

కృప పరీక్ష రాసి బయటికొచ్చి, "నాన్నా, రెండు ప్రశ్నలు వదిలేశాను. మిగతావన్నీ నేనే రాశాను" అంది. ఫలితాల్లో ఇంగ్లీషుకి యాభై నాలుగు వచ్చాయి. ఆ యాభై నాలుగులో నాది ఒక్క మార్కూ లేదు, దేవునికే మహిమ!

పిల్లల గురించి భయపడుతున్న అమ్మానాన్నలారా, ఆ భయాన్ని ప్రభువు దగ్గర పెట్టి, ఆయన్ని నమ్మి, పిల్ల పక్కన ఊరికే కూర్చోండి. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే మీ కోసం రోజూ ప్రార్థిస్తున్నాను.